కాలు కాలిన పిల్లి

ఇంట్లో ఎవరైనా కుదురు లేకుండా గదిగదికీ తిరుగుతుంటే "కాలు కాలిన పిల్లిలా ఏంటా తిరుగుడు?" అంటాం. చిన్నప్పటి నుంచీ వింటున్న మాటే. అందులో ఎంత మంచి పరిశీలన ఉందో మా పిల్లి పండుగాడికి జబ్బు చేసినప్పుడే నాకు తెలిసింది. ఆ మాట పుట్టించినవాళ్ళు పిల్లి తిరుగుడు చూసి దానికి పొగరెక్కిందనో, పిచ్చెక్కిందనో అనుకోలేదు. కాలు ఎత్తి చూశారు. పొయ్యి దగ్గర నిప్పు తొక్కిందని కనిపెట్టారు.

పండు మూడేళ్ళ మగపిల్లి. ఒక వేసవిలో పెళ్ళికని నాలుగు రోజులు ఊరెళ్ళి వచ్చాను. వచ్చిన రాత్రే మడతపెట్టిన బట్టల మీద మూత్రం పోశాడు. అంతకు ముందు ఒక్కసారి కూడా ఇసుక ట్రే దాటి పోసింది లేదు. మర్నాడు బాత్రూం తూము దగ్గర రెండు చుక్కలు, సోఫా మూల రెండు చుక్కలు. "వదిలేసి పోయావని అలిగాడ్రా వాడు, కక్ష తీర్చుకుంటున్నాడు" అంది అమ్మ. నాకూ అదే నిజమనిపించింది. గట్టిగా కసిరాను. ఆ కసురు గుర్తొస్తే ఇప్పటికీ మనసులో ముల్లు గుచ్చుకున్నట్టు ఉంటుంది.

సాయంత్రం నుంచి వాడు ట్రేలోకి ఎక్కడం, ముక్కడం, దిగడం, మళ్ళీ ఎక్కడం. మలబద్ధకం అనుకున్నాం. తెల్లారేసరికి వాంతి చేసుకుని మంచం కింద గోడవైపు నక్కాడు. డాక్టరుగారు పొట్ట తడిమి చూడగానే చెప్పేశారు. మూత్రం దారి మూసుకుపోయింది, మూత్రాశయం బిగిసి రాయిలా ఉంది. మత్తిచ్చి సన్నటి గొట్టం వేసి దారి తెరిచారు, సెలైన్ పెట్టారు, మూడు రోజులు అక్కడే ఉంచుకున్నారు. "ఇంకో పూట ఆగి ఉంటే దక్కేవాడు కాదు" అన్నారు.

మగపిల్లికి మూత్రనాళం చివరికి వచ్చేసరికి బాగా సన్నబడుతుంది. ఆడపిల్లికి అది పొట్టిగా, కాస్త వెడల్పుగా ఉంటుంది. అందుకే ఈ అడ్డు ఎక్కువగా మగపిల్లులకే వస్తుంది. జిగురు, చచ్చిన కణాలు, ఇసుక రేణువుల్లాంటి స్ఫటికాలు కలిసి ముద్దగా మారి బిరడాలా పడతాయి. మూత్రం వెనక్కి తన్నితే కిడ్నీలు పనిచేయవు. బయటికి పోవలసిన పొటాషియం రక్తంలో పేరుకుంటుంది. పొటాషియం పెరిగితే గుండె కొట్టుకునే లయ తప్పుతుంది. ఇదంతా 24 నుంచి 48 గంటల్లో ప్రాణం మీదికి రావచ్చు. మగపిల్లి పదేపదే ట్రే ఎక్కుతూ ఏమీ పోయలేకపోతుంటే రేపు చూద్దాం అనుకోకండి, అర్ధరాత్రి అయినా సరే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి. ఈ వ్యాసంలో ఒక్క విషయమే గుర్తుంచుకుంటానంటే ఇది గుర్తుంచుకోండి.

నేను కక్ష అనుకున్నది నిజానికి మంట. మూత్రం పోయడానికి ట్రేలో కూర్చున్నప్పుడల్లా నొప్పి పుడితే, పిల్లి ఆ నొప్పిని ట్రేకే అంటగడుతుంది. ఆ చోటు వదిలేసి మెత్తటి బట్టలనో, చల్లటి బాత్రూం గచ్చునో వెతుక్కుంటుంది.

మరి అంత నొప్పి ఉన్న జంతువు అరవదేం? కుక్క కుంటుతూ వచ్చి కాలు చూపిస్తుంది, పిల్లి మంచం కిందికి పోతుంది. దీనికి కారణం దాని పూర్వీకుల బతుకులో ఉంది. మన ఇళ్ళలోని పిల్లులన్నీ పశ్చిమాసియా, ఉత్తర ఆఫ్రికా ప్రాంతాల అడవిపిల్లి నుంచి వచ్చినవేనని 2007లో జన్యు పరిశోధన తేల్చింది. సైప్రస్ ద్వీపంలో 9,500 ఏళ్ళ నాటి సమాధిలో ఒక మనిషి పక్కనే పిల్లి ఎముకలు దొరికాయి. ఇన్ని వేల ఏళ్ళు మనతో ఉన్నా దాని స్వభావం ఒంటరి వేటగాడిదే. తోడేలులా దానికి గుంపు లేదు, దెబ్బ తగిలితే తిండి తెచ్చిపెట్టేవాళ్ళు లేరు. పైగా అది చిన్న జంతువు. తాను ఎలుకను వేటాడుతుంది, తనను నక్కో గద్దో వేటాడుతుంది. అలాంటి బతుకులో బలహీనంగా ఉన్నట్టు కనిపించడమే ప్రమాదం. కాబట్టి నొప్పిని దాచుకోవడం పిల్లికి పుట్టుకతో వచ్చింది. గురగుర కూడా నమ్మదగ్గ గుర్తు కాదు. హాయిగా ఉన్నప్పుడే కాదు, బాగా నొప్పిలో ఉన్నప్పుడూ, ప్రాణం పోయే ముందూ పిల్లులు గురగురలాడతాయి.

దాచుకున్నా ముఖం మాత్రం కొంత చెబుతుంది. కెనడాలోని మాంట్రియల్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2019లో పిల్లి ముఖం చూసి నొప్పిని అంచనా వేసే పద్ధతి ఒకటి ప్రచురించారు. చూడవలసినవి ఐదు. చెవులు ఒకదానికొకటి దూరంగా జరిగి పక్కలకు తిరిగాయా, కళ్ళు చికిలించుకుందా, మూతి బిగపట్టిందా, మీసాలు వంపు పోయి నిటారుగా ముందుకు వచ్చాయా, తల భుజాల కంటే కిందికి వాలిందా. ఒక్కోదానికి సున్నా నుంచి రెండు మార్కులు. మొత్తం 10కి నాలుగు గానీ అంతకు మించి గానీ వస్తే నొప్పికి మందు అవసరమని లెక్క. పండు మంచం కింద ఉన్నప్పుడు నేను టార్చి వేసి తీసిన ఫొటో ఒకటి ఇప్పటికీ ఫోన్‌లో ఉంది. ఐదూ అందులో ఉన్నాయి. అప్పుడు నాకు "ముడుచుకుని పడుకున్నాడు" అని మాత్రమే అనిపించింది.

ఆ అడ్డుకు అసలు కారణం ఏమిటని అడిగాను. వాడి విషయంలో సూక్ష్మజీవులు లేవు, రాయి లేదు. వయసులో ఉన్న పిల్లుల్లో చాలావరకు ఇంతే, మూత్రాశయం వాస్తుంది కానీ పరీక్షల్లో కారణం దొరకదు. ఈ జబ్బు మీద అమెరికాలోని ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయంలో టోనీ బఫింగ్టన్ ఏళ్ళ తరబడి పనిచేశారు. దానికి టెన్షన్‌తో సంబంధం ఉందని ఆయన బృందం చూపించింది. 2011లో వచ్చిన వాళ్ళ పరిశోధన నాకు చాలా నచ్చింది. 20 జబ్బు పిల్లులనూ 12 ఆరోగ్యమైన పిల్లులనూ ఒకే చోట పెట్టి 77 వారాలు గమనించారు. రోజూ తిండి పెట్టే మనిషి మారినా, వేళలు తప్పినా, అలవాటు లేని సంఘటన ఏది జరిగినా జబ్బు పిల్లులు తిండి తగ్గించాయి, ట్రే బయట పోశాయి. ఆశ్చర్యమేమిటంటే, ఆరోగ్యమైన పిల్లులూ అవే పనులు చేశాయి.

అమ్మ మాటలో సగం నిజం ఉందన్నమాట. నేను ఊరెళ్ళడం వాడి మీద పనిచేసింది, కాకపోతే అలకగా కాదు, ఒంట్లో వాపుగా.

ఇంట్లో మనకు మార్పే కాదనిపించేది పిల్లికి పెద్ద మార్పు కావచ్చు. దాని ఇల్లు వాసనలతో కట్టిన ఇల్లు. బుగ్గల దగ్గరి గ్రంథుల వాసనను తలుపు మూలలకూ, కుర్చీ కాళ్ళకూ, మన పిక్కలకూ రుద్ది "ఇది నాది, ఇక్కడ భయం లేదు" అని గుర్తులు పెట్టుకుంటుంది. పండగకు రంగులు వేయించినప్పుడు, సోఫా కవర్లన్నీ ఒకేరోజు ఉతికినప్పుడు ఆ గుర్తులన్నీ చెరిగిపోతాయి. రెండు పిల్లులున్న ఇంట్లో ఒకదాన్ని ఆసుపత్రికి తీసుకెళ్ళి తెస్తే, రెండోది దాన్ని చూసి బుసకొట్టడం చాలామంది చూసే ఉంటారు. కళ్ళు అదే పిల్లి అంటున్నాయి, ముక్కు మాత్రం ఎవరో కొత్తవాళ్ళు వచ్చారంటోంది. పిల్లి ముక్కునే నమ్ముతుంది. వచ్చినదాన్ని ఒక రోజు వేరే గదిలో ఉంచి, ఇద్దరూ పడుకునే పాత దుప్పటితో తుడిస్తే చాలాసార్లు సర్దుకుంటుంది.

చెవి సంగతీ అంతే. మనకు వినిపించేది 20 కిలోహెర్ట్జ్ వరకు, పిల్లికి దాదాపు 85 వరకు. ఎలుక పిల్లల సన్నటి కీచుకీచులు అందుకోవడానికి తయారైన చెవి అది. ఎలుకలు పోతాయని గోడకు ప్లగ్ పెట్టే అల్ట్రాసోనిక్ పరికరాలు మార్కెట్లో ఉన్నాయి కదా. అవి చేసే చప్పుడు మన చెవికి అందదు, పిల్లికి అందుతుంది. ఒక గదిలోకి అడుగు పెట్టనని ఉన్నట్టుండి మొండికేసే పిల్లి ఉంటే, ముందు ఆ గదిలోని ప్లగ్గులు చూడండి. దీపావళి రాత్రి సంగతి వేరే చెప్పక్కర్లేదు.

ఇంకొకటుంది, ఇది పెంచేవాళ్ళను బాగా భయపెడుతుంది. బాల్కనీ గ్రిల్లు దగ్గర కూర్చున్న పిల్లికి కింద వీధి గండుపిల్లి కనబడుతుంది. ఒంట్లో రక్తం ఉరకలేస్తుంది, గ్రిల్లు అడ్డం. అదే సమయానికి మీరు బట్టలు ఆరేయడానికి పక్కనుంచి వెళతారు. పిక్క పట్టుకుని పళ్ళు దించుతుంది. మీ మీద దానికి ఏ కోపమూ లేదు, వేరేవాడి మీది కోపం దారి తప్పి మీ మీద పడింది. ఆ ఉద్రేకం కొన్ని గంటలు ఉండవచ్చు. అప్పుడు ఎత్తుకుని బుజ్జగించబోతే మళ్ళీ కరుస్తుంది. చీకటి గదిలో నీళ్ళు, ట్రే పెట్టి తలుపు వేసి వదిలేయాలి. తరువాత ఆ గ్రిల్లు కింది భాగానికి ఏదైనా అడ్డం కట్టాలి.

ఆపరేషన్ చేయించని ఆడపిల్లి ఆరో నెల దాటాక ఒకరోజు నేల మీద దొర్లుతూ, రాత్రంతా గొంతెత్తి ఏడుస్తుంటే జబ్బు అనుకుని కంగారు పడతారు. అది ఎదకు వచ్చింది, అంతే.

వయసు మళ్ళిన పిల్లుల దగ్గర మాత్రం ఆగి చూడాలి, ఎందుకంటే "ముసలిదైపోయింది" అనే మాట కింద ఎన్నో నొప్పులు కనబడకుండా పోతున్నాయి. అమెరికాలో 12 ఏళ్ళు దాటిన 100 పిల్లుల ఎక్స్‌రేలు చూస్తే 90 పిల్లుల్లో కీళ్ళ అరుగుదల ఉందని 2002లో ప్రచురించారు. వాటిలో కుంటేవి ఎన్నో ఉండవు. బీరువా మీదికి ఒక్క ఉదుటున ఎక్కేది ముందు కుర్చీ, తరువాత బల్ల ఎక్కి పోతుంది. వెన్ను నాక్కోవడం మానేస్తే బొచ్చు ఉండలు కడుతుంది. ట్రే అంచు ఎత్తుగా ఉంటే దాని పక్కనే నేల మీద పోస్తుంది. పొట్టి అంచు ట్రే కొంటే సగం సమస్య పోతుంది.

పదేళ్ళు దాటిన పిల్లి ఉన్నట్టుండి కుర్రదానిలా ఉరకలేస్తూ, ఎంతో తింటూ, రాత్రుళ్ళు అరుస్తూ, అయినా చిక్కిపోతుంటే సంతోషించకండి. థైరాయిడ్ అతిగా పనిచేస్తోందేమో రక్తపరీక్ష చేయించండి. పిల్లుల్లో ఈ జబ్బును మొదటిసారి న్యూయార్క్‌లో 1979లో వివరించారు, మందులతో అదుపులో ఉంటుంది. కిడ్నీ జబ్బుతోనో థైరాయిడ్‌తోనో బీపీ పెరిగితే కంటి లోపలి పొర ఊడి రాత్రికి రాత్రి చూపు పోవచ్చు. గోడలకు గుద్దుకునే పిల్లిని, కళ్ళు నల్లగా పెద్దవైన పిల్లిని అదే రోజు చూపించాలి. త్వరగా మందు పడితే కొన్నిటికి చూపు తిరిగి వస్తుంది. అన్నిటికీ మించి, రెండు రోజులు ఏమీ తినని పిల్లిని, ముఖ్యంగా బొద్దుగా ఉన్నదాన్ని, ఇంట్లో ఉంచుకోకూడదు. ఒంట్లోని కొవ్వు కరిగి కాలేయంలో పేరుకుని అదే పెద్ద జబ్బవుతుంది.

ఆదుర్దాలో మనం చేసే ఒక తప్పు పిల్లి ప్రాణం తీస్తుంది. ఒళ్ళు వెచ్చగా ఉందని పారాసెటమాల్ ముక్క వేస్తారు. ఆ మందును బయటికి పంపడానికి మన కాలేయం వాడే ఒక ఎంజైము పిల్లికి లేదు, దాని జన్యువే పాడై ఉంది. ఒక్క బిళ్ళతో రక్తం ఆక్సిజన్ మోసే శక్తి కోల్పోతుంది, చిగుళ్ళు నీలంగానో గోధుమరంగుగానో మారతాయి. నల్ల ఫినాయిల్‌తో తుడిచిన తడి నేల మీద తిరిగి పాదాలు నాక్కోవడం ప్రమాదం అయ్యేదీ ఇదే కారణంతో. కుక్కల గోమార్ల కోసం అమ్మే పెర్మెత్రిన్ మందూ పిల్లికి విషమే, వణుకు, ఫిట్స్ వస్తాయి.

ఇక మన దేశంలో మరచిపోకూడనిది రేబిస్. టీకా లేని, బయట తిరిగే పిల్లి కారణం లేకుండా ఎగబడి కరిస్తే, చొంగ కారుస్తూ తూలుతుంటే దగ్గరికి పోవద్దు. కరిస్తే గాయాన్ని ధారగా పడే నీళ్ళతో, సబ్బుతో 15 నిమిషాలు కడగాలి. పసుపు, కారం, సున్నం పూయొద్దు. అదే రోజు ఆసుపత్రికి వెళ్ళి టీకా మొదలుపెట్టాలి. లక్షణాలు మొదలయ్యాక ఈ జబ్బుకు చికిత్స లేదు. పెంచిన పిల్లే కదా, గీతే కదా అని ఊరుకోకండి.

డాక్టరు దగ్గరికి వెళ్ళేటప్పుడు ఇంట్లో తీసిన వీడియో ఒకటి తీసుకెళితే చాలా ఉపయోగం. ఆసుపత్రి బల్ల మీద పిల్లి బిగుసుకుపోతుంది, ఇంట్లో చేసినదేదీ అక్కడ చేయదు. ఎప్పటి నుంచి, రోజులో ఏ వేళ, ఆ వారంలో ఇంట్లో ఏం మారింది అన్నవి రాసుకెళ్ళండి. నెలకోసారి బరువు చూడండి. నాలుగు కిలోల పిల్లి 400 గ్రాములు తగ్గితే పదోవంతు పోయినట్టు, బొచ్చు కింద అది కంటికి ఆనదు.

పండుకు ఇప్పుడు మూడు చోట్ల నీళ్ళ గిన్నెలు పెట్టాను. పొడి తిండి తగ్గించి నీటి శాతం ఎక్కువున్న తిండి పెడుతున్నాం. నేను ఊరెళితే అమ్మ అదే గిన్నెలో అదే వేళకు పెడుతుంది, నా పాత చొక్కా ఒకటి ఉతక్కుండా వాడి బుట్టలో వేస్తుంది. రోజూ పొద్దున ట్రే తీసేటప్పుడు తడిసి గడ్డకట్టిన ఇసుక ఉండలు లెక్కపెడతాను. మామూలుగా రెండు నుంచి నాలుగు ఉంటాయి. ఇవాళ మూడు ఉన్నాయి.