చంద్రగిరి లామాల మాల, మా పిన్ని జపమాల: ఈ పోలికలు ఎక్కడివి?

మాది ఒడిశాలోని పర్లాకిమిడి. గజపతి జిల్లాలో కొండల్లోకి వెళ్తే ఊరికో చర్చి కనిపిస్తుంది, అదే జిల్లాలో చంద్రగిరి దగ్గర 1960ల్లో వచ్చి స్థిరపడ్డ టిబెటన్లున్నారు, జిరంగ్‌లో వాళ్ల పద్మసంభవ మహావిహారాన్ని 2010లో దలైలామా వచ్చి ప్రారంభించారు. మా పిన్ని కేథలిక్. ఆవిడని జిరంగ్ తీసుకెళ్తే గుడి ఎంత పెద్దదో చూళ్లేదు, మెట్ల మీద కూర్చుని మాల తిప్పుకుంటున్న ఒక టిబెటన్ ముసలావిడనే చూసింది. చివరికి తన జపమాల తీసి పక్కన పెట్టి పూసలు లెక్కపెట్టింది, ఆవిడది 108, ఈవిడది 59. "ఒరే, ఎవర్ని చూసి ఎవరు నేర్చుకున్నార్రా?" అని అడిగింది.

ఈ ప్రశ్న కొత్తది కాదు. 1846లో లాసా చేరిన ఫ్రెంచ్ ఫాదర్ ఎవరిస్ట్ హక్ కూడా ఇదే చూసి ఆశ్చర్యపోయాడు. బిషప్ పెట్టుకునేలాంటి టోపీ, ఐదు గొలుసుల సాంబ్రాణి పాత్ర, తల మీద కుడిచెయ్యి పెట్టి దీవించడం, జపమాల, ఉపవాసాలు, బ్రహ్మచర్యం, అన్నీ రాసుకున్నాడు. ఆయన లాజరిస్టు అనే కేథలిక్ మిషనరీ సభకి చెందినవాడు, 1922లో స్పెయిన్ నుంచి ఒడిశాకి వచ్చి పనిచేసిన ఫాదర్లదీ అదే సభ, అందుకే నాకు ఆయన పరాయివాడిలా అనిపించడు. కానీ ఆయన చెప్పిన కారణం మాత్రం నేను ఒప్పుకోలేను. టిబెట్ గురువు సోంఖాపాకి (1357-1419) పడమటి నుంచి వచ్చిన పెద్ద ముక్కు గురువు ఒకాయన చదువు చెప్పాడని అక్కడ ఒక కథ ఉంటే, ఆ గురువు క్రైస్తవ మిషనరీ అయ్యుంటాడని హక్ ఊహించాడు. ఊహే, ఆధారం లేదు. పైగా బౌద్ధ సంఘంలో సన్యాసం, బ్రహ్మచర్యం క్రీస్తుకి ముందే ఉన్నాయి కదా.

అలాగని అటు నుంచి ఇటు తిప్పి, మఠాలన్నీ బుద్ధుడి దగ్గర్నుంచే వెళ్లాయి అనడం కూడా తొందరపాటే. ఈజిప్టు ఎడారిలో ఫెర్మే పాల్ అనే సన్యాసి ఒళ్లో 300 గులకరాళ్లు పెట్టుకుని ఒక్కో ప్రార్థనకి ఒక్కోటి పారేసేవాడట. లెక్క తప్పకుండా జపం చెయ్యాలంటే ఎవరికైనా ఇలాంటిదేదో తడుతుంది.

దారి మాత్రం ఉండేది. అశోకుడి 13వ శాసనంలో సిరియా అంతియోకు, ఈజిప్టు టోలెమీతో కలిపి ఐదుగురు గ్రీకు రాజుల పేర్లున్నాయి, వాళ్ల రాజ్యాల్లోకీ ధర్మం వెళ్లిందని చెప్పుకున్నాడు. కానీ బరంపురం నుంచి పురుషోత్తంపూర్ వైపు వెళ్లి, ఋషికుల్య దగ్గర జౌగడలో అశోకుడి శాసనాలున్న రాతి మీద ఆ పేర్లు వెతికితే దొరకవు. కళింగ యుద్ధం గురించి చెప్పే శాసనం కూడా అదే, దాన్ని కళింగులకే చూపించలేదు! 11, 12, 13 తీసేసి వేరే రెండు చెక్కించారు, "మనుషులందరూ నా బిడ్డలు" అనేది వాటిలోదే. తర్వాత క్రీ.శ. 200 ప్రాంతంలో ఈజిప్టులోని అలెగ్జాండ్రియాలో క్లెమెంట్ అనే క్రైస్తవ పండితుడు 'బుత్తా' మాట వినే భారతీయుల గురించి రాశాడు. అంటే పేరు అక్కడిదాకా చేరింది. పేరు చేరితే పద్ధతులు కూడా చేరినట్టేనా అంటే, కాదు.

పూర్తిగా రుజువైంది ఒకటుంది, నాకు అన్నిటికన్నా ఇష్టమైంది. జోసఫాత్ అనే పునీతుడి కథ. భారతదేశపు రాజు అబెన్నెర్‌కి కొడుకు పుడితే జ్యోతిష్కులు వీడు క్రైస్తవుడవుతాడు అన్నారు, తండ్రి బయటి కష్టం కనపడకుండా మేడలో పెంచాడు, కుర్రాడు బయటికొచ్చి కుష్ఠురోగిని, గుడ్డివాణ్ణి, ముసలాయన్ని చూశాడు, రత్నాల వర్తకుడి వేషంలో వచ్చిన బర్లామ్ అనే సన్యాసి మాట విని రాజ్యం వదిలేశాడు. ఎవరి కథో వేరే చెప్పక్కర్లేదు. బోధిసత్వ అన్న మాట అరబ్బీలో బూదాసఫ్ అయింది, ఆ లిపిలో 'బ'కి కింద ఒక చుక్క, 'య'కి రెండు, చుక్క తేడాతో యూదాసఫ్ అయింది, జార్జియా భాష మీదుగా గ్రీకులోకి, లాటిన్‌లోకి వెళ్లి జోసఫాత్ అయ్యాడు. 16వ శతాబ్దం చివర్లో రోమ్ వేసిన పునీతుల పట్టికలో బర్లామ్‌తో కలిపి నవంబర్ 27 ఆయన రోజు. ఇది బుద్ధుడి కథే అని యూరప్ పండితులు 1859-60లో గట్టిగా తేల్చారు.

ఇంత నిజమైన కథ ఉండగా మా వైపు వాట్సాప్‌లో తిరిగేది మాత్రం ఏసు పూరీ జగన్నాథంలో చదువుకున్నాడన్న మాట. దాన్ని 1894లో నొటోవిచ్ అనే రష్యన్ రాశాడు, లడఖ్ హెమిస్ మఠంలో ప్రతి దొరికిందన్నాడు. అదే ఏడాది సంస్కృత పండితుడు మాక్స్‌ముల్లర్ ఇది నమ్మలేం అన్నాడు, తర్వాత ఒక ప్రొఫెసర్ హెమిస్ వెళ్లి అడిగితే అలాంటి పుస్తకమే లేదని అక్కడి పెద్ద లామా చెప్పాడు. దయచేసి ఫార్వర్డ్ చెయ్యకండి.

పిన్నికి తిరుగు బస్సులో జోసఫాత్ కథ చెప్పాను. బర్లామ్ అతనికి చెప్పిన పిట్టకథ కూడా చెప్పాను, మృగం తరుముతుంటే గోతిలో పడుతూ కొమ్మ పట్టుకుని వేలాడే మనిషి, కింద నోరు తెరిచిన పాము, కొమ్మ మొదలు కొరుకుతున్న తెల్ల ఎలుక, నల్ల ఎలుక, పై నుంచి కారే తేనెచుక్క నాకుతూ అన్నీ మర్చిపోవడం. సగంలోనే ఆపేసింది. "ఇది మా తాత చెప్పేవాడు కదరా, భారతంలోది," అని మిగతాది మొహానా వచ్చేదాకా తనే చెప్పుకొచ్చింది.