గుర్రమంటే ప్రాణం, ఎక్కాలంటే భయం: పిల్లల స్వారీ శిక్షణపై అపోహలు – వాస్తవాలు

పిల్లలకు గుర్రపు స్వారీ నేర్పడం నా వృత్తి. ఈ పనిలో నాకు మళ్లీ మళ్లీ ఎదురయ్యే ఒక రకం పిల్లలున్నారు. గది గోడ నిండా గుర్రాల బొమ్మలు, నోట్ పుస్తకం అట్ట మీద గుర్రం తల, జాతుల పేర్లన్నీ కంఠస్థం. పుట్టినరోజుకు ఏం కావాలని అడిగితే గుర్రం తప్ప మరో మాట ఉండదు. అలాంటి పిల్లను జీను మీద కూర్చోబెట్టగానే ముఖం పాలిపోతుంది. తర్వాతి వారం కడుపునొప్పి అంటుంది. ఆ తర్వాత అసలు రానంటుంది. "ఇన్నాళ్లూ గుర్రం గుర్రం అని ప్రాణం తీసింది, తీరా చేర్పిస్తే ఇదేమిటి?" అని పెద్దలు అయోమయంలో పడతారు. కొందరు బుజ్జగిస్తారు, కొందరు కట్టిన ఫీజు గుర్తు చేస్తారు. పిల్ల మాత్రం తనలోనే ఏదో లోపం ఉందని నమ్మేస్తుంది. ఆ నమ్మకానికి కారణమవుతున్న మాటలు కొన్ని ఉన్నాయి. వాటి గురించే ఇది.

అపోహ: నిజంగా ఇష్టముంటే భయం వేయదు

బొమ్మలోని గుర్రం కదలదు, ముక్కులు ఎగరేసి బుసకొట్టదు, ఈగ వాలిందని ఒక్కసారిగా తల విదిలించదు. పిల్ల ఇన్నాళ్లూ ప్రేమించింది ఆ గుర్రాన్ని. ఇప్పుడు ఎదురుగా నిలబడింది నాలుగైదు వందల కిలోల బరువున్న, తనకంటూ ఒక మనసున్న ప్రాణి. మూపు దగ్గర 150 సెంటీమీటర్ల ఎత్తున్న గుర్రం ఎక్కితే పిల్ల కళ్లు నేలకు దాదాపు రెండు మీటర్ల పైన ఉంటాయి. అంటే ఇంట్లో నాన్నకంటే ఎత్తున కూర్చున్నట్టు. పైగా ఆ కూర్చున్న చోటు నిలకడగా ఉండదు. గుర్రం నడిచేటప్పుడు నాలుగు కాళ్లూ విడివిడిగా, ఒకదాని తర్వాత ఒకటి పడతాయి. దాని వీపు ముందుకూ వెనక్కీ, పైకీ కిందికీ, పక్కలకూ ఊగుతూనే ఉంటుంది. మన నడుము ఆ ఊపును అందుకోవడం నేర్చుకునేదాకా జారిపోతున్నామనే అనిపిస్తుంది.

ఈ పరిస్థితిలో భయం వేయడం పిల్ల శరీరం సరిగ్గా పనిచేస్తోందనడానికి గుర్తు. గుర్రాల గురించి బాగా చదివిన పిల్లలే ఒక్కోసారి ఎక్కువ భయపడటం నేను గమనించాను. వెనక నిలబడితే తన్నవచ్చని, బెదిరితే పరుగు తీస్తుందని వాళ్లకు ముందే తెలుసు కదా. ఇష్టమూ భయమూ ఒకే గుండెలో పక్కపక్కనే ఉండగలవు. ఒకటి ఉంది కాబట్టి రెండోది అబద్ధమని పిల్లతో అనకండి.

అపోహ: గుర్రం భయాన్ని పసిగడుతుంది, అందుకే భయం కనబడనివ్వకూడదు

ఇందులో మొదటి సగం నిజమే. 2009లో స్వీడన్‌లో పరిశోధకులు ఒక ప్రయోగం చేశారు. కొందరు గుర్రాన్ని పట్టుకుని నడిపించారు, కొందరు దాని మీద స్వారీ చేశారు. ఒక చుట్టులో, దారి పక్కన ఉన్న మనిషి మీరు వెళ్లేటప్పుడు గొడుగు తెరుస్తాడని వాళ్లకు ముందుగా చెప్పారు. నిజానికి ఎవరూ గొడుగు తెరవలేదు. అయినా మనుషుల గుండె వేగంతో పాటు గుర్రాల గుండె వేగం కూడా పెరిగింది. గొడుగు సంగతి గుర్రాలకు తెలియదు. వాటికి అందింది తమతో ఉన్న మనిషిలోని కంగారు మాత్రమే.

చిక్కంతా రెండో సగంతోనే. భయాన్ని దాచమంటే పిల్ల ముందుగా చేసేది ఊపిరి బిగబట్టడం. ఊపిరి బిగిస్తే భుజాలు బిగుస్తాయి, నడుము కర్రలా అవుతుంది, గుర్రం ఊపును శరీరం అందుకోలేదు. జీను మీద ఎగిరెగిరి పడుతుంది. అంటే దాచమన్న సలహాయే పడిపోయే అవకాశాన్ని పెంచుతోంది.

ఇక్కడ కొంచెం ఆగి చెప్పాల్సిన సంగతి ఒకటుంది. భయపడిన శరీరం ముడుచుకుంటుంది: వీపు వంగి ముందుకు వాలుతుంది, మోకాళ్లు జీనును నొక్కుతాయి, మడమలు పైకి లేచి గుర్రం డొక్కలకు తగులుతాయి, చేతులు పగ్గాలను గుంజుతాయి. ఇది ఎవరూ నేర్పని సహజ స్పందన. కానీ గుర్రం నేర్చుకున్న భాషలో దీనికి వేరే అర్థాలున్నాయి. డొక్కలకు మడమ తగిలితే ముందుకు పొమ్మని. బరువు ముందుకు వాలినా చాలాసార్లు అదే. పగ్గాలు గుంజితే ఆగమని. ఒంటి మీద ఈగ వాలినా గుర్తుపట్టి అక్కడి చర్మాన్ని మాత్రమే విదిలించగల ప్రాణికి పొమ్మనీ ఆగమనీ ఒకేసారి ఆజ్ఞలు అందుతున్నాయన్నమాట. అది తికమకపడి అడుగు వేగం పెంచుతుంది. పిల్ల ఇంకా ముడుచుకుంటుంది. గుర్రం ఇంకా తొందరపడుతుంది. "నాకు భయమేసినప్పుడే ఇది పరుగెత్తుతుంది, నేనంటే దీనికి ఇష్టం లేదు" అని ఏడ్చే పిల్లలకు నేను ముందుగా చెప్పేది ఇదే. గుర్రానికి నీ మీద కోపం లేదు. నీ మడమలు పొమ్మన్నాయి, అది పోయింది.

కాబట్టి భయాన్ని దాచమని నేను అడగను. పైకి చెప్పమంటాను. మాట్లాడాలంటే ఊపిరి వదలక తప్పదు. గుర్రం అడుగులను బిగ్గరగా లెక్కపెట్టమంటాను, లేదా తనకు వచ్చిన పాటేదైనా పాడమంటాను. పాడుతూ ఊపిరి బిగబట్టడం ఎవరివల్లా కాదు.

అపోహ: ముందు నడపడం వస్తే, ఆపడం అదే వస్తుంది

శిక్షకుల్లో కూడా ఇలా అనుకునేవాళ్లున్నారు. నేను గట్టిగా విభేదించేది ఇక్కడే. పిల్లను ఎక్కువగా భయపెట్టేది ఎత్తో వేగమో కాదు, ఇది నా చేతుల్లో లేదన్న భావన. తాను వద్దన్నా ఈ ప్రాణి సాగిపోతుందని, పక్కనున్న పెద్దవాళ్లు కూడా "ఏం కాదులే, ఇంకొక్క చుట్టు" అంటారని తెలిసిన క్షణంలో ఇష్టం కాస్తా బెదురుగా మారుతుంది.

అందుకే నేను నేర్పే మొదటి విద్య ఆపడం. ఒక మనిషి గుర్రం తల దగ్గర తాడు పట్టుకుని నడుస్తాడు. పిల్ల నిటారుగా కూర్చుని, ఊపిరి నిదానంగా వదిలి, నడుము ఊపు ఆపి, "ఆగు" అంటుంది. గుర్రం ఆగుతుంది. అది ఆలస్యం చేస్తే తాడు పట్టుకున్న మనిషి ఆపుతాడు. పిల్ల మాట మాత్రం ఒక్కసారి కూడా వృథా పోకూడదు, ఎన్నిసార్లు ఆపమన్నా ఎందుకని అడగకూడదు. మొదట్లో రెండడుగులకోసారి ఆపుతారు. నిజంగా ఆగుతుందా అని పరీక్షించడం కూడా అందులో ఉంటుంది. కొన్ని పాఠాలు గడిచాక ఆ పరీక్ష అవసరం తగ్గుతుంది. ఆవరణ సగం చుట్టి వచ్చాక గానీ ఆపాలన్న సంగతే గుర్తుకు రాదు.

దిగడం కూడా ఇలాగే. రెండు పాదాలూ రికాబుల్లోంచి తీసి, ముందుకు వాలి, కాలు వెనక నుంచి తిప్పి, పొట్ట జీనుకు ఆనించి నేలకు జారడాన్ని గుర్రం నిలబడి ఉండగానే పలుమార్లు చేయిస్తాను. దిగే దారి తెలిసినవాళ్లు ఎక్కడానికి వెనుకాడరు.

ట్రాట్ (నడకకంటే వేగమైన దుడుకు పరుగు) సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. నడకలో బాగానే ఉన్న పిల్లలు చాలామంది ట్రాట్ దగ్గర బెదిరిపోతారు. ఆ వరసలో ఎదురెదురు మూలల్లోని కాళ్లు జంటగా పడతాయి, రెండు జంటల మధ్య గుర్రం ఒక్క క్షణం గాలిలో ఉంటుంది. అందుకే అంత ఎగరవేత. దీన్ని నేర్పడానికి తొందర అక్కర్లేదు. మొదట నాలుగడుగులు ట్రాట్, వెంటనే నడక చాలు. అది కూడా పిల్ల తానే అడిగినప్పుడు.

అపోహ: పగ్గాలు గట్టిగా పట్టుకుంటే పడిపోము

పగ్గాల రెండో చివర గుర్రం నోట్లో ఉంటుంది. ముందు పళ్లకూ దవడ పళ్లకూ మధ్య ఖాళీ ఉంటుంది. కళ్లెం ఇనుము అక్కడ, నాలుక మీద, చిగుళ్ల మీద ఆని ఉంటుంది. పిల్ల పగ్గాలకు వేలాడితే ఆ బరువంతా పడేది అక్కడే. నొప్పికి గుర్రం తల ఎగరేస్తుంది, ఆ కుదుపుకు పిల్ల ముందుకు తూలుతుంది. పట్టుకోవడానికి గుర్రం మెడకు ఒక తోలు పట్టీ కట్టాలి, అది లేకపోతే జూలు పట్టుకోవచ్చు. మొదటి పాఠాల్లో అసలు పగ్గాలే ఇవ్వకుండా, శిక్షకుడు పొడవైన తాడుతో గుర్రాన్ని తన చుట్టూ తిప్పుతుంటే పిల్ల చేతులు చాచి కూర్చోవడం నేర్చుకుంటే ఇంకా మంచిది. సమతూకం నడుములో ఉండాలి, చేతుల్లో కాదు.

అపోహ: చిన్న గుర్రమైతే భయం ఉండదు

ఎత్తు తగ్గుతుంది, అంతవరకే. పొట్టి గుర్రాల అడుగు పొట్టిది, చురుకైనది. కుదుపు ఎక్కువగానే ఉంటుంది. ఎత్తుకంటే ముఖ్యమైనవి దాని స్వభావం, వయసు, అనుభవం. ఎందరో పిల్లలను మోసి నెమ్మదించిన ముసలి గుర్రాన్ని మించిన తోడు బెదిరిన పిల్లకు దొరకదు.

అపోహ: గుర్రం కావాలనే బెదిరిస్తుంది, ఒక్క దెబ్బ వేస్తే దారికి వస్తుంది

గుర్రం గడ్డి తిని బతికే ప్రాణి. అడవిలో దాన్ని వేటాడే జంతువులుండేవి. పారిపోవడమే దాని రక్షణ. కళ్లు తలకు రెండు పక్కలా ఉండటం వల్ల దాదాపు 350 డిగ్రీల మేర చూడగలదు. నుదుటి ముందు కాస్త చోటు, తోక వెనక కాస్త చోటు మాత్రమే దానికి కనబడవు. ఎగిరే ప్లాస్టిక్ సంచి మనకు చెత్త, దానికి ఏదో మీదికి దూకుతున్నట్టు. పక్కకు దూకుతుంది, ఆ తర్వాతే ఆలోచిస్తుంది.

సుమారు 2,400 ఏళ్ల కిందట గ్రీకు సేనాని జెనఫన్ ఈ సంగతే రాశాడు. బెదిరిన గుర్రాన్ని కొడితే అది ఇంకా బెదురుతుంది, ఎందుకంటే ఆ నొప్పికి కారణం ఎదురుగా ఉన్న వస్తువేనని అనుకుంటుంది. నాకు తెలిసినంతలో పిల్లల విషయంలోనూ ఇది అక్షరాలా నిజం. భయపడిన పిల్లను అందరి ముందు కసిరితే, ఆ అవమానం కూడా గుర్రం ఖాతాలోకే పోతుంది.

గుర్రం బెదురుతుందన్న విషయాన్ని పిల్లల దగ్గర దాచనక్కర్లేదు. "దీనికి కూడా భయమేస్తుందా?" అని అడిగి, అవునని తెలిశాక దాని మెడ నిమిరే పిల్లలను చూశాను. అప్పటిదాకా తానొక్కతే భయపడుతున్నానని అనుకున్న పిల్లకు అక్కడ ఒక తోడు దొరుకుతుంది.

అపోహ: పడితే వెంటనే మళ్లీ ఎక్కించాలి, లేకపోతే భయం పాతుకుపోతుంది

ఇది ప్రమాదకరమైన మాట. పడిన పిల్లను చేయి పట్టి లాగి నిలబెట్టకండి. ముందు ఉన్నచోటే ఉండనిచ్చి, ఎక్కడ నొప్పిగా ఉందో అడగాలి. తలకు దెబ్బ తగిలిందన్న అనుమానం ఉంటే ఆ రోజు స్వారీ అక్కడితో ముగిసింది, డాక్టరుకు చూపించాలి. తలనొప్పి, వాంతి, మగత, పొంతన లేని మాటలు, చూపు మసకబారడం వంటివి కొన్ని గంటల తర్వాత కూడా బయటపడవచ్చు. గట్టి దెబ్బ తిన్న హెల్మెట్ పైకి బాగానే కనబడినా మళ్లీ వాడకూడదు. లోపలి పొర ఒకసారి నలిగితే రెండో దెబ్బను ఆపలేదు. సైకిల్ హెల్మెట్ దీనికి ప్రత్యామ్నాయం కాదు, స్వారీ కోసం తయారైనదే కావాలి. చిన్న మడమ ఉన్న బూట్లు కూడా తప్పనిసరి, పాదం రికాబులోంచి అవతలికి జారిపోకుండా ఆపేది ఆ మడమే.

ఏ దెబ్బా లేకపోతే, పిల్ల తానే ఎక్కుతానంటే ఎక్కించవచ్చు. లేదంటే ఆ రోజు గుర్రానికి గడ్డి పెట్టి ఇంటికి వెళ్లవచ్చు. ఆ రోజు బలవంతంగా ఎక్కించడం వల్ల ధైర్యం వచ్చిన పిల్ల నాకు తారసపడలేదు.

అపోహ: కడుపునొప్పి ఒక నాటకం

కాదు. భయానికి కడుపులో నిజంగానే నొప్పి పుడుతుంది. ఆ మాట నమ్మి, "ఈ రోజు ఎక్కకపోయినా సరే, గుర్రాన్ని చూసి వద్దామా?" అని అడగండి.

అపోహ: అమ్మానాన్నలు పక్కనుండి ధైర్యం చెబుతూ ఉండాలి

కంచె అవతల నుంచి "వీపు నిటారుగా! భయపడకు! పట్టుకో!" అన్న కేకలు పిల్లకు శిక్షకుడి మాట వినబడకుండా చేస్తాయి. కొందరికి అమ్మ కనబడుతూ ఉంటేనే ధీమా, కొందరికి అమ్మ ముఖంలోని ఆందోళన చూస్తే కాళ్లు వణుకుతాయి. ఎక్కడ ఉండమంటావో పిల్లనే అడిగి అక్కడే, మాట్లాడకుండా ఉండండి.

అపోహ: గుర్రం ఎక్కని రోజు వృథా

బెదిరిన పిల్లల పాఠాలు నేను నేల మీదే మొదలుపెడతాను. గుర్రానికి కనబడేలా, ఎడమ భుజం వైపు నుంచి, మాట్లాడుతూ దగ్గరికి వెళ్లడం. ఒళ్లు బ్రష్‌తో రుద్దడం. తాడును చేతికి చుట్టుకోకుండా మడిచి పట్టుకుని, గుర్రం భుజం పక్కన నడవడం. ఆపడం, మళ్లీ నడిపించడం. పెద్దవాళ్లు పక్కనుండగా గిట్టల్లో ఇరుక్కున్న మట్టిని తీయడం. చెవులు ముందుకు నిక్కబొడిచి ఉంటే ఏదో గమనిస్తోందని, వెనక్కి పూర్తిగా అదిమిపెడితే కోపంగా ఉందని, కింది పెదవి వేలాడుతూ ఒక వెనక కాలు వాల్చి నిలబడితే సేదదీరుతోందని గుర్తుపట్టడం. తర్వాత ఏం చేయబోతోందో అంచనాకు వచ్చిన గుర్రం మునుపటంత భయపెట్టదు.

కొందరు పిల్లలు ఇక్కడే ఉండిపోతారు. స్వారీ వాళ్లకు పట్టదు. గుర్రాల పశువైద్యులు, లాడాలు కొట్టేవాళ్లు, పిల్ల గుర్రాలను మచ్చిక చేసేవాళ్లు పనంతా నేల మీద నిలబడే చేస్తారు. వాళ్లకు గుర్రాలంటే ఉన్న ఇష్టాన్ని ఎవరూ శంకించరు.

పిల్లను ఎక్కడ చేర్పించాలో తేల్చుకునే ముందు శిక్షకుణ్ని ఒక్కటి అడగండి: పాఠం మధ్యలో దిగిపోతానంటే ఏం చేస్తారు? వెంటనే దింపుతామని చెప్పేచోట చేర్పించండి. నాలుగు రోజులు ఏడిస్తే అదే అలవాటవుతుందని చెబితే అక్కడినుంచి వచ్చేయండి.