తెల్లదొరల కాలపు రేడియోకు డబ్బు ఎవరు పెట్టారు? అపోహలు - వాస్తవాలు

రేడియో చరిత్ర మీద పనిచేస్తున్న నాకు తరచూ ఎదురయ్యే అపోహలివి.

అపోహ: బ్రిటిష్ సర్కారు ఖజానా తెరిచి మనకు రేడియో తెచ్చింది.

వాస్తవం: 1927 జులై 23న బొంబాయిలో వైస్రాయ్ ఇర్విన్ ప్రారంభించిన స్టేషన్ ఒక ప్రైవేటు కంపెనీది. పేరు ఇండియన్ బ్రాడ్‌కాస్టింగ్ కంపెనీ. దాన్ని పోషించింది శ్రోతలే. రేడియో ఉన్నవాళ్లు ఏటా పది రూపాయలు కట్టి లైసెన్సు తీసుకోవాలి. అందులో ఎనిమిది రూపాయలు కంపెనీకి, రెండు సర్కారుకు. దిగుమతి సెట్ల మీద పది శాతం రుసుము కూడా కంపెనీకే. పది రూపాయలంటే అప్పట్లో చిన్న మొత్తం కాదు. లైసెన్సు లేకుండా వినేవాళ్లూ బోలెడు మంది. ఖర్చులు పెరిగాయి, రాబడి పెరగలేదు. 1930 మార్చిలో కంపెనీ మూతపడింది.

అపోహ: సర్కారు చేతికి వచ్చాక ఇక నిధులకు ఢోకా లేదు.

వాస్తవం: అందరూ తప్పుగా చెప్పేది ఇక్కడే. 1930 ఏప్రిల్‌లో ఆ కంపెనీ స్టేషన్లను సర్కారు తీసుకుంది. ఏడాదిన్నరకే, ఆర్థిక మాంద్యం పేరు చెప్పి మూసేయాలని నిర్ణయించింది. శ్రోతలు, సెట్ల వ్యాపారులు గట్టిగా పట్టుబట్టడంతో వెనక్కి తగ్గింది. సొంత ఖజానా నుంచి ఇచ్చే బదులు సెట్ల మీద దిగుమతి సుంకాన్ని యాభై శాతానికి పెంచింది. అంటే భారం మళ్లీ కొనేవాళ్ల మీదే. 1932 డిసెంబరులో బీబీసీ ఎంపైర్ సర్వీస్ (లండన్ నుంచి బ్రిటిష్ సామ్రాజ్య దేశాలకు చేసే ప్రసారాలు) మొదలయ్యాక దాన్ని వినడానికి సెట్లు కొన్నవాళ్లు ఎక్కువయ్యారు. సుంకం, లైసెన్సు రాబడి రెండూ పెరిగాయి. సుమారు ఎనిమిది వేలున్న లైసెన్సులు రెండేళ్లలో రెట్టింపయ్యాయి. రేడియో తన కాళ్ల మీద నిలబడగలదని తేలాకే, 1935లో సర్కారు విస్తరణకు రూ. 20 లక్షలు కేటాయించింది. ఆల్ ఇండియా రేడియో అన్న పేరు వచ్చింది 1936 జూన్‌లో.

అపోహ: తెలుగువాళ్లకూ రేడియో ఢిల్లీ డబ్బుతోనే వచ్చింది.

వాస్తవం: మద్రాసులో 1924లో ఔత్సాహికులు రేడియో క్లబ్బు పెట్టి ప్రసారాలు చేశారు. డబ్బు చాలక ఆపేశారు. 1930 నుంచి నడిపింది నగర కార్పొరేషన్. మెరీనాలో లౌడ్‌స్పీకర్లు పెట్టి మరీ జనానికి సంగీతం వినిపించారు. నా దృష్టిలో ఆ కాలపు నిజమైన ప్రజా రేడియో అదే. ఆల్ ఇండియా రేడియో మద్రాసుకు వచ్చింది 1938లో. హైదరాబాద్‌లో ప్రైవేటుగా మొదలైన దక్కన్ రేడియోను 1935లో నిజాం ప్రభుత్వం తీసుకుంది. దాని ఖర్చు నిజాం ఖజానాది. విజయవాడ కేంద్రమైతే స్వాతంత్ర్యం వచ్చాక, 1948 డిసెంబరు 1న మొదలైంది.