45 సెకన్ల పురుగు గడియారం: అపోహలు - వాస్తవాలు

ఏటా ఫిబ్రవరి 10న నులిపురుగుల నివారణ దినం. బడుల్లో పిల్లలకు ఆల్బెండజోల్ మాత్రలు వేస్తారు. ఆ రోజు బరంపురంలో మా పక్కింటి మామ్మగారు నన్ను తప్పకుండా అడుగుతారు: "వాళ్లేమో మాత్రలు వేసి చంపుతుంటే, మీరు ల్యాబులో అవే పురుగుల్ని పెంచుతారేమిటమ్మా?" ఈ గంజాం జిల్లాలో మనం ఇంట్లో నులిపురుగులు అంటాం, వీధిలో ఒడియాలో కృమి అంటాం. ఏ మాట విన్నా ముందు రోగమే గుర్తొస్తుంది. మామ్మగారికి చెప్పినదీ, ల్యాబుకు కొత్తగా వచ్చే పిల్లలకు చెప్పేదీ కలిపి ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: ల్యాబులో పెంచేవి కడుపులో ఉండే పురుగులే.

కావు. మేం పెంచేది సి. ఎలిగన్స్ అనే వేరే నులిపురుగు. పొడవు సుమారు ఒక మిల్లీమీటరు. కుళ్లిన పండ్లు, ఆకుల మీద ఉండే బాక్టీరియా తిని బతుకుతుంది. మనిషి కడుపులోకి రాదు, పైరు జోలికీ పోదు. వంకాయ, టమాటా వేళ్లకు బుడిపెలు తెచ్చే నెమటోడ్ దీనికి చుట్టమే గానీ వేరే జాతి.

అపోహ: ఈ పురుగు విసర్జనకు టైము చూసుకునేది మెదడే.

చదువుకునే రోజుల్లో నేనూ అలాగే అనుకున్నాను. అందుకే ఈ విషయం మీద నాకు అంత ఇష్టం. కడుపునిండా మేత ఉన్న సి. ఎలిగన్స్ దాదాపు 45 నుంచి 50 సెకన్లకొకసారి మల విసర్జన చేస్తుంది. ముందు తోకవైపు కండరాలు బిగుసుకుంటాయి, తర్వాత తలవైపువి, చివర్లో విసర్జన. పురుగు ఒళ్లు అద్దంలా ఉంటుంది కాబట్టి ఇదంతా మైక్రోస్కోప్‌లో కళ్లారా చూడొచ్చు.

దీనికి నాడీకణాలు 302 ఉన్నాయి. కానీ ఈ లయను నడిపేది అవి కావు, 20 కణాల పేగు. పేగు కణంలో కాల్షియం ఒక సంచిలో దాచి ఉంటుంది. ఆ సంచికి తలుపు లాంటి ప్రొటీన్‌ను తయారుచేసే జన్యువు పేరు ఐటీఆర్-1. తలుపు తెరుచుకుంటే కాల్షియం ఒక్కసారిగా పెరుగుతుంది, మళ్లీ సంచిలోకి పోతుంది, మళ్లీ వస్తుంది. ఐటీఆర్-1 బలహీనపడిన పురుగుల్లో ఈ విసర్జన చక్రం నెమ్మదిస్తుంది లేదా ఆగిపోతుంది. ఆ జన్యువును పేగులో మాత్రమే బాగుచేసినా లయ తిరిగొస్తుందని 1999లోనే తేలింది.

పేగుకూ కండరానికీ మధ్య కబురు ఎలా వెళ్తుందన్నది నాకు ఇంకా నచ్చే భాగం. కాల్షియం పెరగగానే తోకవైపు పేగు కణాలు పీబీఓ-4 అనే ప్రొటీన్ ద్వారా ఆమ్లాన్ని, అంటే ప్రోటాన్లను, బయటికి వదులుతాయి. పక్కనున్న కండరం ఆ పులుపును పసిగట్టి బిగుసుకుంటుంది. ఇక్కడ నరంతో పనే లేదు. చివరి అడుగుకు మాత్రం ఏవీఎల్, డీవీబీ అనే రెండు నాడీకణాలు కావాలి. వాటిని లేజర్‌తో కాల్చేస్తే విసర్జన దెబ్బతింటుంది, తోక బిగింపు మాత్రం వేళకు వస్తూనే ఉంటుంది.

అపోహ: ఇది మన రాత్రీపగలు గడియారమే, కాస్త వేగంగా నడుస్తుందంతే.

2017లో నోబెల్ వచ్చింది పండ్ల ఈగల్లో 24 గంటల గడియారం మీద పనికి. అందులోని పీరియడ్ జన్యువుకు పురుగులో ఉన్న బంధువు లిన్-42. అది కుబుసం విడిచే వేళల్ని నడిపిస్తుంది. 45 సెకన్ల లయ దీని పరిధి కాదు.

అపోహ: సీఎల్‌కే-1 గడియారపు జన్యువు. అది చెడితే ఆయుష్షు పెరుగుతుంది, కాబట్టి మనకూ పనికొస్తుంది.

పేరే ఈ తికమకకు కారణం, సీఎల్‌కే అంటే క్లాక్, గడియారం. సీఎల్‌కే-1 చెడిన పురుగుల్లో కణ విభజన, మేత మింగడం, విసర్జన అన్నీ నెమ్మదిస్తాయి. అవి కొంచెం ఎక్కువ కాలం బతుకుతాయి కూడా. కానీ ఈ జన్యువు, కణంలో శక్తి పుట్టడానికి అవసరమైన కోఎంజైమ్ క్యూ అనే పదార్థం తయారీకి కావలసిన ఎంజైమును ఇస్తుందని 1997లో తెలిసింది. అంటే పాడైంది కణంలో శక్తి పుట్టే దారి, గడియారం కాదు. పైగా ఈ పురుగులు మేతగా తినే బాక్టీరియాలోని క్యూ మీద ఆధారపడి బతుకుతాయి. ఆ క్యూ లేని బాక్టీరియా పెడితే పిల్ల పురుగులు ఎదగవు. ఇది చదివి మందుల షాపులో కోఎంజైమ్ క్యూ సీసాలు కొనడం గానీ, మానడం గానీ చేయకండి.

అపోహ: పురుగు విసర్జన లెక్కపెట్టడం చెప్పుకోదగ్గ పని కాదు.

కొత్తగా వచ్చే అమ్మాయిలు ఇంట్లో ఈ మాట చెప్పడానికి సిగ్గుపడతారు. సిగ్గుపడొద్దమ్మా. మేం స్టాప్‌వాచ్ పట్టుకుని ఒక్కో పురుగుకు పది చక్రాలు వరసగా రాస్తాం. ఒక్కసారి చూసి ఏమీ తేల్చం. మే నెల ఎండల్లో కరెంట్ పోతే ఇంక్యుబేటర్ 20 డిగ్రీల దగ్గర నిలుస్తుందా అని అందరికీ టెన్షన్. మేత పలచబడితే ఆ రోజు అంకెల్ని నిన్నటి వాటితో పోల్చలేం. ఇంకొకటి, చూస్తున్నంతసేపూ ప్లేటును తట్టకండి. పురుగుకు తాకిడి తగిలితే చక్రం చెదురుతుంది, మళ్లీ ఒకటి నుంచి లెక్కపెట్టాల్సిందే.