అపోహలు – వాస్తవాలు: డర్బన్ పటం మీద ఆ గీతలు ఎవరు గీశారు?

దక్షిణాఫ్రికాలోని డర్బన్ పట్టణ ప్రణాళికలో పనిచేసిన ఏళ్లలో నాకు పదే పదే ఎదురైన మాట ఒకటుంది: "భారతీయులు తమవాళ్ల మధ్య ఉండాలని కోరుకున్నారు, అందుకే చాట్స్‌వర్త్ ఏర్పడింది." చాట్స్‌వర్త్ అంటే డర్బన్‌లో భారతీయులకు కేటాయించిన నివాస ప్రాంతం. వాళ్లు కోరి వెళ్లారన్నది పూర్తిగా అబద్ధం. ఎవరి నోటి నుంచో పుట్టిన ఈ వదంతిని నష్టపోయిన కుటుంబాలే నమ్మడం నాకు బాధ కలిగిస్తుంది.

1860లో ట్రూరో ఓడ మద్రాసు నుంచి తొలి ఒప్పంద కూలీలను తెచ్చింది. ఒప్పందం ముగిసినవారిలో చాలామంది డర్బన్‌లోని కేటో మేనర్ వంటి చోట్ల భూమి కొనుక్కునో, కౌలుకు తీసుకునో కూరగాయలు, అరటి పండించారు. నగరపాలక సంస్థ తన పనివారిని మ్యాగజైన్ బ్యారక్స్ అనే వరుస గదుల్లో ఉంచింది. తమిళ, తెలుగు కుటుంబాలు అక్కడ ఎక్కువ. 1922 నాటి ఆర్డినెన్సు నగరపాలక భూముల అమ్మకపు దస్తావేజుల్లో ఆసియా వాసులకు నిషేధం రాయడానికి వీలిచ్చింది. 1950లో, ఏ జాతివారు ఏ ప్రాంతంలో ఉండాలో నిర్ణయించే గ్రూప్ ఏరియాస్ చట్టం వచ్చింది. మరుసటి ఏడాది నగర సాంకేతిక ఉపసంఘం జాతులవారీ జోన్లను ప్రతిపాదిస్తూ, నదులు, కొండలు, రైలుమార్గాలే వాటికి హద్దులు కావాలని చెప్పింది. ఉమ్లతుజానా, ఉమ్లాస్ నదుల మధ్య చాట్స్‌వర్త్‌ను ఎందుకు పెట్టారో లేఅవుట్ చదవగలిగిన వారికెవరికైనా తెలుస్తుంది. 1958లో కేటో మేనర్‌ను తెల్లవారి ప్రాంతంగా ప్రకటించి ఇళ్లు ఖాళీ చేయించారు; అక్కడి భారతీయ కుటుంబాల్లో చాలావాటిని చాట్స్‌వర్త్‌కు తరలించారు. ఆ తర్వాత కేటో మేనర్‌లో చాలా నేల ఏళ్ల తరబడి బీడుగానే పడి ఉంది.

అపార్తీడ్ (జాతి వేర్పాటు) ప్రభుత్వం వచ్చిన 1948 తర్వాతే వేర్పాటు మొదలైందన్న అపోహకు పైన చెప్పిన 1922 నాటి ఆర్డినెన్సే జవాబు.

ఇష్టపూర్వకంగా వెళ్లారన్న మాట నిలిస్తే, వివక్ష చట్టం వల్ల భూమి పోయిందన్న వాదనే నిలవదు. ఒక అవ్వ పాత పటం మీద వేలుపెట్టి, "ఇక్కడే మా అరటితోట, కానీ మాకు పట్టా లేదు బాబూ, కౌలుకే ఉన్నాం" అని భయంగా అన్నారు. ఆమె అన్నగారు 1998 డిసెంబర్ 31 గడువులోపే, పోయిన భూమి హక్కు కోసం దరఖాస్తు పెట్టారు. 1994 నాటి భూహక్కుల పునరుద్ధరణ చట్టం, దస్తావేజు లేకున్నా పదేళ్లకు తగ్గకుండా అనుభవంలో ఉన్నవారి హక్కునూ గుర్తిస్తుంది. కాబట్టి దరఖాస్తు పెట్టి ఎదురుచూస్తున్నవారు పట్టా లేదని కుంగిపోవద్దు. అద్దె రసీదులు, బడి ధ్రువపత్రాలు, ఖాళీ చేయమన్న నోటీసులు వెతికి పెట్టుకోండి. పెద్దల నోటిమాటను సాక్ష్యంగా స్వీకరించే వీలు కూడా ఆ చట్టంలోనే ఉంది. బావి ఎక్కడుండేదో, పొరుగున ఎవరుండేవారో ఆ అవ్వ చెబుతుంటే పటం మీద గుర్తులు పెట్టి, కింద ఆమె చేత సంతకం చేయించాను.