పెద్ద కంప్యూటర్ కట్టించుకోబోతున్న మా పిల్లలకు

పిల్లలకు పెద్దనాన్న ఆశీస్సులు.

మీరు ముగ్గురూ కలిసి పంపిన పార్టుల జాబితా చదివాను. గ్రాఫిక్స్ కార్డు ఆర్‌టీఎక్స్ 5090 అని, ప్రాసెసర్‌కు పదహారు కోర్లు ఉండాలని, ర్యామ్ నాలుగు స్టిక్కులని ఎంతో శ్రద్ధగా రాశారు. మిషన్‌కు కరెంటు అందించే ఎస్‌ఎంపీఎస్ దగ్గరికి వచ్చేసరికి "850 వాట్స్, ఏ కంపెనీదైనా పర్లేదు" అన్నారు. క్యాబినెట్ దగ్గర "ముందు వైపు అద్దం ఉన్నది" అని రాసి వదిలేశారు. నాకు టెన్షన్ పుట్టించినవి ఆ రెండు లైన్లే. ఇంత ఖరీదు పెట్టి కట్టించుకున్న మిషన్ మన హైదరాబాదులో ఎన్నేళ్లు బాగా నడుస్తుందనేది దానికి అందే కరెంటును బట్టి, దాన్నుంచి బయటికి పోయే వేడిని బట్టి ఉంటుంది. అందుకే ఈ ఉత్తరంలో ఆ రెండింటి గురించే ఎక్కువ రాస్తున్నాను.

ముందు పని సంగతి. పెద్దమ్మాయికి బ్లెండర్ అనే సాఫ్ట్‌వేర్‌లో యానిమేషన్, చిన్నోడికి గేములు, నడిపివాడికి ఇంట్లోనే ఏఐ మోడల్స్ నడిపి చూడాలని. మూడింటికీ గ్రాఫిక్స్ కార్డే ముఖ్యం కాబట్టి దాన్ని మొదట రాయడం సరైన పనే. అయితే కార్డు వేగం కన్నా ముందు దాని మీద ఉండే మెమరీ చూడండి. జనవరి 2025లో వచ్చిన 5090 మీద 32 జీబీ ఉంది, 5080 మీద 16 జీబీ. గేములకు, అందులోనూ 27 అంగుళాల 1440పీ మానిటర్ మీద ఆడేవాడికి, 16 జీబీ ఉన్న 5070 టీఐ గానీ ఏఎండీ వాళ్ళ ఆర్‌ఎక్స్ 9070 ఎక్స్‌టీ గానీ చాలు. ఏఐ మోడల్ సంగతి కాగితం మీదే తేలుతుంది. మోడల్ నేర్చుకుని దాచుకున్న అంకెలను పారామీటర్లు అంటారు, ఒక్కోదానికి 16 బిట్లు, అంటే రెండు బైట్లు అనుకుంటే 700 కోట్ల పారామీటర్ల మోడల్‌కు 14 జీబీ కావాలి. నాలుగు బిట్లకు కుదిస్తే మూడున్నర జీబీ, పైన మరి కాస్త. అదే 3,200 కోట్ల పారామీటర్ల మోడల్ నాలుగు బిట్లకు కుదించినా 16 జీబీ అడుగుతుంది. అంటే 16 జీబీ కార్డులో పట్టదు, 32 జీబీ కార్డులో హాయిగా పడుతుంది.

బ్లెండర్‌కు మాత్రం ఊహలు వద్దు. రెండర్, అంటే సీన్‌ను బొమ్మగా మార్చే పని, నడుస్తున్నప్పుడు మెమరీ ఎంత వాడుతోందో, పీక్ ఎంతకు వెళ్ళిందో అక్కడే కనిపిస్తుంది. బిడ్డా, మీ కాలేజీ ల్యాబ్‌లో నీ దగ్గరున్న అన్నిటికన్నా బరువైన సీన్ ఒకసారి రెండర్ చేసి ఆ అంకె రాసుకో. పది, పన్నెండు జీబీల దగ్గర ఆగితే రెండు లక్షలు దాటిన కార్డు ఇప్పుడే అక్కర్లేదు. మిగిలిన డబ్బు మంచి మానిటర్‌కు, యూపీఎస్‌కు, ఇంకో ఎస్‌ఎస్‌డీకి పెట్టవచ్చు. ఇరవై దాటితే 5090 కొనండి, నేను అడ్డు చెప్పను.

ప్రాసెసర్ విషయంలో ఎక్కువ తర్జనభర్జన అవసరం లేదు. గేములే ముఖ్యమైతే ఎనిమిది కోర్ల రైజెన్ 7 9800ఎక్స్3డీ. దానిలో 96 ఎంబీ ఎల్3 క్యాష్ ఉంది, గేములకు మాటిమాటికీ కావలసిన డేటా ప్రాసెసర్ పక్కనే దొరుకుతుంది కాబట్టి కోర్లు తక్కువైనా ముందుంటుంది. సిమ్యులేషన్లు, ప్రాసెసర్ మీద రెండరింగ్, పెద్ద కోడ్ కంపైల్ చేయడం లాంటి పనులుంటే పదహారు కోర్ల 9950ఎక్స్. రెండూ కావాలంటే మార్చి 2025లో వచ్చిన 9950ఎక్స్3డీ. ఇంటెల్ వైపు 24 కోర్ల కోర్ అల్ట్రా 9 285కే కూడా పని బాగా చేస్తుంది. నాకు మాత్రం ఏఎండీ వాళ్ళ ఏఎం5 సాకెట్ (బోర్డు మీద ప్రాసెసర్ కూర్చునే చోటు) మీదే మొగ్గు. 2027 దాకా, ఆ తర్వాత కూడా దానికి ప్రాసెసర్లు తెస్తామని కంపెనీ చెప్పింది. ఏఎం4 సాకెట్ విషయంలో 2017 నాటి బోర్డులు చాలావాటిలో బయోస్ (బోర్డు లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చేసి 2020 చివర్లో వచ్చిన ప్రాసెసర్లు వేసుకున్నవాళ్ళు ఉన్నారు. అలాంటి వెసులుబాటు మధ్యతరగతి ఇళ్ళకు పెద్ద మేలు.

ఎవరైనా సెకండ్ హ్యాండ్‌లో ఇంటెల్ 13వ, 14వ తరం ఐ9 చవకగా ఇస్తామంటే తొందరపడకండి. ఎక్కువ వోల్టేజీ వల్ల ఆ చిప్పుల్లో కొన్ని మెల్లగా పాడయ్యాయని 2024లో ఇంటెల్ స్వయంగా చెప్పింది, మైక్రోకోడ్ (చిప్పును నడిపే లోపలి కోడ్) అప్‌డేట్లు ఇచ్చి వారంటీని రెండేళ్లు పెంచింది. అప్‌డేట్ ఇకముందు నష్టం జరగకుండా చూస్తుంది గానీ, అప్పటికే పాడైన చిప్పును బాగు చేయదు. పాత యజమాని అప్‌డేట్ వేశాడో లేదో మనకెలా తెలుస్తుంది?

మదర్‌బోర్డులో ఒక్క సంగతి చూడండి, చాలు. కొన్ని బోర్డుల్లో వేగమైన ఎస్‌ఎస్‌డీ ఇంకొకటి పెట్టగానే గ్రాఫిక్స్ కార్డుకు వెళ్ళే పదహారు లేన్లు (డేటా దారులు) ఎనిమిదవుతాయి. ఏ స్లాటులో పెడితే అలా అవుతుందో మాన్యువల్‌లో రాసి ఉంటుంది. కొనకముందే కంపెనీ సైట్లో ఆ మాన్యువల్ దింపుకొని చదవండి. ఎస్‌ఎస్‌డీ నాలుగో తరానిది సెకనుకు 7,000 ఎంబీ దాకా చదువుతుంది, మీ పనికి అది చాలు. ఐదో తరానిది వేడి ఎక్కువ, ధర ఎక్కువ.

ర్యామ్ నాలుగు స్టిక్కులు మాత్రం వద్దు. రైజెన్ 9000 ప్రాసెసర్లకు ఏఎండీ ఇచ్చిన అధికారిక వేగం రెండు డీడీఆర్5 స్టిక్కులకు 5600, నాలుగు పెడితే 3600. నాలుగు స్టిక్కులు కొంటే మెమరీ పెరుగుతుంది, వేగం పోతుంది. 32 జీబీవి రెండు తీసుకోండి, ఒకే ప్యాకెట్లో జతగా వచ్చినవి. 2025 చివరి నుంచి ర్యామ్ ధరలు విపరీతంగా పెరిగాయి, ఏఐ డేటా సెంటర్లు మెమరీ చిప్పులను ఎగరేసుకుపోతున్నాయి. అందుకని ఇప్పుడు 32 జీబీవి రెండు భారం అనిపిస్తే 16 జీబీవి రెండు వేసుకొని, ధర దిగాక ఆ జతను అమ్మి పెద్ద జత కొనడం మేలు. వాటి పక్కన ఇంకో జత చేర్చడం వద్దు.

ఇక ఎస్‌ఎంపీఎస్. 5090 ఒక్కటే 575 వాట్లు తాగుతుంది. 9950ఎక్స్ మీద పూర్తి లోడు పడితే 230 దాకా. ఫ్యాన్లు, ఎస్‌ఎస్‌డీలు, బోర్డు కలిపితే 900కు దగ్గరవుతుంది. ఎన్విడియా ఈ కార్డుకు కనీసం 1000 వాట్ల ఎస్‌ఎంపీఎస్ చెప్పింది. 5080కి 850 సరిపోతుంది. ఇంకో సంగతి ఉంది. గ్రాఫిక్స్ కార్డులు కరెంటును ఒకే ధారగా తీసుకోవు. సెకనులో అతి చిన్న భాగంపాటు మామూలు కన్నా చాలా ఎక్కువ లాగుతాయి. పాత ఎస్‌ఎంపీఎస్‌లు కొన్ని దాన్ని ఓవర్‌లోడ్ అనుకొని ఆగిపోతాయి, గేము మధ్యలో మిషన్ ఠక్కున ఆఫ్ అవుతుంది. ఏటీఎక్స్ 3.0, 3.1 ప్రమాణాలు పాటించినవి 100 మైక్రోసెకన్లపాటు తమ సామర్థ్యానికి రెండింతలు తట్టుకోవాలని నియమం ఉంది. కాబట్టి బాక్సు మీద ఏటీఎక్స్ 3.1 అని ఉన్నదే తీసుకోండి.

బాక్సు మీది 80 ప్లస్ గోల్డ్ ముద్ర చూసి మోసపోవద్దు. అది ఎంత కరెంటు వృథా కాకుండా అందిస్తుందో చెప్పేది మాత్రమే. లోపలి భాగాలు ఎంత గట్టివో, వోల్టేజీ హఠాత్తుగా పెరిగితే మీ కార్డును కాపాడుతుందో లేదో ఆ ముద్ర చెప్పదు. దానికి పదేళ్ల వారంటీ ఇచ్చే మోడల్ చూడండి, విడదీసి పరీక్షించినవాళ్ళ రివ్యూలు చదవండి. చవక ఎస్‌ఎంపీఎస్ పోతూ పోతూ బోర్డును, కార్డును కూడా తీసుకెళ్ళిన మిషన్లు నేను చూశాను. పోయినవాటి ధర ముందు ఎస్‌ఎంపీఎస్ మీద మిగిలిన నాలుగు వేలు ఎంత?

కార్డుకు వెళ్ళే పదహారు పిన్నుల కనెక్టర్ గురించి గట్టిగా చెబుతున్నాను. 2022లో 4090 వచ్చిన కొత్తలో ఆ కనెక్టర్లు కొన్ని కరిగిపోయాయి. ప్లగ్గు పూర్తిగా లోపలికి వెళ్ళకపోవడం అందుకు ముఖ్య కారణమని తేలింది. తర్వాత దాన్ని 12వీ-2ఎక్స్6 అని మార్చి, సరిగా దిగకపోతే కార్డు ఎక్కువ కరెంటు తీసుకోకుండా చేశారు. అయినా 575 వాట్లు అంత చిన్న ప్లగ్గులోంచే పోతున్నాయి, మన జాగ్రత్త మనది. ప్లగ్గుకూ కార్డుకూ మధ్య సందు కనబడకుండా నొక్కండి. ప్లగ్గు దగ్గరే తీగను వంచకండి, మూడు నాలుగు సెంటీమీటర్లు తిన్నగా పోనిచ్చి ఆ తర్వాత వంచండి. క్యాబినెట్ వెడల్పు తక్కువైతే పక్క అద్దం మూసేటప్పుడు తీగ వంగిపోతుంది.

ఇంటి కరెంటు కూడా చూడాలి. అన్నీ కలిపి గోడ నుంచి 800 వాట్లు తీసుకుంటుందనుకుంటే రోజుకు ఐదు గంటలకు నాలుగు యూనిట్లు, నెలకు 120. స్లాబు మారి బిల్లు అమాంతం పెరుగుతుంది, ఇంట్లో ముందే చెప్పండి. ఏసీకి, ఈ మిషన్‌కు ఒకే ఎక్స్‌టెన్షన్ బాక్సు వాడొద్దు. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి 16 ఆంపియర్ల పాయింటు వేరుగా వేయించి, ఎర్తింగ్ కొలిపించండి. క్యాబినెట్ ముట్టుకుంటే వేళ్ళకు జిల్లుమంటే ఎర్తింగ్ లేనట్టే.

మామూలుగా ఇళ్ళల్లో ఉండే 600 వీఏ యూపీఎస్ దాదాపు 360 వాట్లే ఇస్తుంది, రెండర్ మధ్యలో కరెంటు పోతే అది ఒక్క క్షణం కూడా నిలబడదు. 5090కి 2 కేవీఏ, 5080కి 1500 వీఏ చూడండి. బ్యాటరీ మీద ప్యూర్ సైన్ వేవ్ (గోడ కరెంటు లాంటి నున్నటి తరంగం) ఇచ్చేదై ఉండాలి, లేకపోతే కొన్ని కొత్త ఎస్‌ఎంపీఎస్‌లు దానితో సరిగా పనిచేయవు. అరగంట ఆడుకోవడానికి కాదు, ఫైలు సేవ్ చేసి సరిగా ఆఫ్ చేయడానికి ఐదు నిమిషాలు ఇస్తే చాలు.

ఇప్పుడు వేడి. మిషన్ తీసుకున్న ప్రతి వాటూ చివరికి మీ గదిలో వేడిగానే మారుతుంది. 800 వాట్లంటే ఒకటిన్నర టన్నుల ఏసీ తీసేయగల వేడిలో ఏడో వంతు. తలుపులు మూసిన చిన్న గదిలో మే నెల మధ్యాహ్నం అది మామూలు విషయం కాదు. ఏ కూలరూ ప్రాసెసర్‌ను గది వేడి కన్నా చల్లగా చేయలేదు. రివ్యూలో 22 డిగ్రీల గదిలో 75 డిగ్రీలు వచ్చిందని చూపిస్తే, మన ఇంట్లో గది 38 ఉన్నప్పుడు అది 91 దగ్గరుంటుంది. రైజెన్ 9000 ప్రాసెసర్లకు హద్దు 95. అక్కడికి చేరగానే వేగం తనంతట తానే తగ్గించుకుంటుంది, అంటే డబ్బిచ్చి కొన్న వేగం వేసవిలో మీకు దక్కదు. అందుకే కూలర్ రివ్యూ చదివిన ప్రతిసారీ పదహారు డిగ్రీలు కలుపుకోండి.

9800ఎక్స్3డీకి రెండు టవర్ల పెద్ద ఎయిర్ కూలర్ చాలు. ఫ్యాన్ పాడైతే ఫ్యాన్ మారిస్తే సరిపోతుంది, పంపు లేదు, నీళ్ళు లేవు. పదహారు కోర్లకు 360 ఎంఎం లిక్విడ్ కూలర్ మంచిదే, కానీ ఆరేళ్లు గడిస్తే దాన్ని మార్చాల్సి రావచ్చని లెక్కలో పెట్టుకోండి. పెద్ద ఎయిర్ కూలర్లు 165 మిల్లీమీటర్ల ఎత్తుంటాయి, క్యాబినెట్ స్పెసిఫికేషన్‌లో అంత జాగా ఉందో చూడండి.

ముందు అద్దం ఉన్న క్యాబినెట్ వద్దనేది ఇందుకే. వంటింటి కిటికీ మూసి ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేస్తే పొగ ఎంత పోతుందో, ముందు గాలి రాని క్యాబినెట్లో ఎన్ని ఫ్యాన్లు పెట్టినా అంతే. ముందు మెష్ ఉన్నది తీసుకోండి. లోపలికి ఊదే ఫ్యాన్లు బయటికి ఊదేవాటి కన్నా ఒకటి ఎక్కువ ఉంటే ఫిల్టర్ లేని సందుల్లోంచి దుమ్ము తక్కువ వస్తుంది. మీ అపార్ట్‌మెంట్ చుట్టూ కొత్త టవర్లు లేస్తున్నాయి, ఆ సిమెంటు దుమ్ము ఫిల్టర్లను తొందరగా మూసేస్తుంది. నెలకోసారి వాటిని ఊడదీసి కడిగి ఆరబెట్టాలి, ఈ పని చిన్నోడిది. కార్డు పొడవు కూడా కొలుచుకోండి, పెద్దవి 350 మిల్లీమీటర్లు దాటతాయి.

కొనేటప్పుడు సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో కంప్యూటర్ షాపులుండే సీటీసీకి నేనూ వస్తాను. ఆన్‌లైన్ ధరలు ఫోన్‌లో పెట్టుకొని తిరుగుదాం. "బిల్లు లేకుండా అయితే తగ్గిస్తా" అన్నవాడి దగ్గర కొనం. జీఎస్టీ 18 శాతం కట్టిన బిల్లు, దాని మీద ప్రతి పార్టు సీరియల్ నంబరు ఉండాలి. విదేశాల నుంచి తెచ్చిన కార్డుకు ఇక్కడ వారంటీ ఇస్తారా అని కంపెనీ సైట్లోనే నంబరు కొట్టి చూసుకోవాలి. 32 అంగుళాలు దాటిన మానిటర్ల మీద పన్ను 22 సెప్టెంబర్ 2025 నుంచి 28 నుంచి 18 శాతానికి దిగింది, పాత లెక్క చెబితే ఒప్పుకోకండి.

బిగించాక మొదటిసారి ఆన్ చేస్తే ఏఎం5 బోర్డు మీద కొన్ని నిమిషాలు స్క్రీన్ నల్లగానే ఉంటుంది. ర్యామ్‌ను పరీక్షించుకుంటోంది, కంగారుపడి స్విచ్ ఆపకండి. విండోస్ వచ్చాక ర్యామ్ వేగం చూడండి. బయోస్‌లో ఎక్స్‌పో (ర్యామ్‌ను దాని పూర్తి వేగంతో నడిపే సెట్టింగు) ఆన్ చేయకపోతే 6000 స్టిక్కులు కూడా 4800 దగ్గరే నడుస్తాయి. మొదటి వారంలోనే రాత్రంతా రెండర్ పెట్టి చూడండి, తేడా ఉంటే షాపువాడు మార్చి ఇచ్చే గడువు దాటకముందే తెలుస్తుంది. కార్డు బాక్సు, లోపలి ఫోముతో సహా, వారంటీ అయ్యేదాకా అటక మీద ఉండాలి. ఇల్లు మారేటప్పుడు రెండు కిలోల కార్డును స్లాటులోనే వేలాడదీసి ఆటోలో ఎక్కించకండి, ఊడదీసి ఆ బాక్సులో పెట్టి చేతిలో పట్టుకెళ్ళండి.

మీ
పెద్దనాన్న