ప్రతిపక్ష నేతపై రాజద్రోహం కేసు: అపోహలు, వాస్తవాలు

ప్రతిపక్ష ఎంపీ మీదో ఎమ్మెల్యే మీదో రాజద్రోహం కేసు పెట్టారనగానే టీవీ చర్చల్లో ఒకటే లొల్లి: ఆయన ద్రోహా, కాదా? కేసులు నడిపేవాళ్లు ముందు చూసేది వేరు. ఏయే సెక్షన్లు కలిపారు, ఎన్నాళ్లు లోపల ఉంచగలరు, బెయిలు ఏ కోర్టులో దొరుకుతుంది. 2014 నుంచి 2019 వరకు దేశంలో 326 రాజద్రోహం కేసులు నమోదైతే, శిక్ష పడింది ఆరుగురికి. కాబట్టి దీని బలం తీర్పులో కన్నా అరెస్టులో, రిమాండ్‌లో, కోర్టుల చుట్టూ తిప్పడంలోనే ఎక్కువ.

అపోహ: స్పీకర్ అనుమతి లేకుండా ఎంపీని అరెస్టు చేయకూడదు.

చేయొచ్చు. లోక్‌సభ నియమావళి 229వ నిబంధన ప్రకారం అరెస్టు సంగతి, కారణంతో సహా, వెంటనే స్పీకర్‌కు తెలియజేయాలి. తెలియజేయడమే, అనుమతి తీసుకోవడం కాదు. అనుమతి కావలసింది సభా ప్రాంగణంలో అరెస్టు చేయాలంటేనే. సమావేశాలకు ముందు 40 రోజులు, తర్వాత 40 రోజులు రక్షణ ఉంటుందని చాలామంది అనుకునేది సివిల్ కేసుల మాట. క్రిమినల్ కేసుకు అది వర్తించదు.

గట్టి రక్షణ ఉన్నది సభలో మాటకే: ఎంపీలకు రాజ్యాంగం 105(2), ఎమ్మెల్యేలకు 194(2). సభలో అన్న మాట మీద ఏ కోర్టులోనూ కేసు నడవదు. అదే మాట బయటికొచ్చి మీడియా పాయింట్ దగ్గర అంటే ఆ గొడుగు ఉండదు.

అపోహ: ప్రభుత్వ అనుమతి తప్పనిసరి కాబట్టి, ఆధారాలు లేకుండా ఈ కేసు పెట్టరు.

అనుమతి తప్పనిసరే. కానీ ఎప్పుడు? కోర్టు కేసును విచారణకు స్వీకరించే దశలో (పాత నేర విచారణ చట్టం సీఆర్‌పీసీలో సెక్షన్ 196, దాని స్థానంలో వచ్చిన బీఎన్‌ఎస్‌ఎస్‌లో 217). ఎఫ్‌ఐఆర్‌కూ అరెస్టుకూ రిమాండ్‌కూ అక్కర్లేదు. పైగా ఆ అనుమతి ఇచ్చేది కూడా ప్రభుత్వమే. గరిష్ఠ శిక్ష యావజ్జీవం కనుక ఛార్జిషీటుకు 60 కాదు, 90 రోజుల గడువు దొరుకుతుంది. బెయిలు రాకపోతే, అనుమతి అనే ప్రశ్న కోర్టు ముందుకు రాకముందే నేత మూడు నెలలు లోపల ఉండొచ్చు.

అప్పటి నర్సాపురం ఎంపీ రఘురామకృష్ణరాజు కేసు చూడండి. ఆయన ప్రతిపక్షం కాదు, అప్పటి అధికార వైఎస్సార్‌సీపీలోనే ఉండి దాని మీదే తిరగబడిన ఎంపీ. పద్ధతి మాత్రం అదే. 2021 మే 14న ఆంధ్రప్రదేశ్ సీఐడీ హైదరాబాద్‌లో అరెస్టు చేసింది. పాత శిక్షాస్మృతి (ఐపీసీ)లో రాజద్రోహం సెక్షన్ 124-ఎతో పాటు 153-ఎ (వర్గాల మధ్య వైరం పెంచడం), 505 (అలజడి రేపే మాటలు) పెట్టింది. బెయిలు కోసం వెళ్తే, ముందు కింది కోర్టుకు వెళ్లమంది హైకోర్టు. కస్టడీలో కొట్టారని ఎంపీ ఆరోపిస్తే, సుప్రీంకోర్టు సికింద్రాబాద్ ఆర్మీ ఆసుపత్రిలో పరీక్షలు చేయించింది. మే 21న బెయిలు ఇచ్చింది. వారం రోజులు! ఢిల్లీలో సీనియర్ న్యాయవాదిని పెట్టుకోగల ఎంపీకే అంత పట్టింది.

ఒకే ప్రసంగం మీద నాలుగు స్టేషన్లలో ఎఫ్‌ఐఆర్‌లు కట్టి, ఒక కేసులో బెయిలు రాగానే మరో కేసులో పీటీ వారెంట్ (జైల్లో ఉన్నవాళ్లను ఇంకో కేసు కోసం కోర్టుకు రప్పించే ఉత్తర్వు) వేయడం ఇంకో పద్ధతి. ఒకే ఘటనకు రెండో ఎఫ్‌ఐఆర్ చెల్లదని 2001లోనే టి.టి. ఆంటొనీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ వాదన మొదటి రిమాండ్ రోజే రికార్డుకెక్కాలి.

అపోహ: ఈ కేసు పడితే పదవి పోతుంది, పోటీకి అనర్హులవుతారు.

కేసు పడితే ఏమీ పోదు. శిక్ష పడ్డా ఎన్నాళ్లన్నది చూడాలి. 2009 నాటి ప్రసంగానికి తమిళనాడు ఎండీఎంకే నేత వైగోకు 2019 జులైలో చెన్నై కోర్టు ఏడాది జైలు వేసింది. అదే నెలలో ఆయన రాజ్యసభకు ఎన్నికయ్యారు. ప్రజాప్రాతినిధ్య చట్టం 8(3) కింద అనర్హతకు కనీసం రెండేళ్ల శిక్ష పడాలి, శిక్ష ఎంత చిన్నదైనా అనర్హత తెచ్చే సెక్షన్ల జాబితా 8(1)లో ఉంటుంది, 124-ఎ ఏమో అందులో లేదు.

తమాషా ఏమిటంటే, పక్కన తోకలా తగిలించే 153-ఎ ఆ జాబితాలో ఉంది. వర్గాల మధ్య వైరం పెంచారన్న ఆ సెక్షన్ కింద జరిమానాతో సరిపెట్టినా ఆరేళ్ల అనర్హత. అందరూ రాజద్రోహం మీదే వాదిస్తుంటే, పదవికి ఎసరు పెట్టేది ఆ తోకే.

జైల్లో ఉండి ఓటు వేయలేరు గానీ పోటీ చేయొచ్చు. అస్సాంలో అఖిల్ గొగోయ్ 2021లో జైలు నుంచే శివసాగర్ గెలిచారు.

అపోహ: 124-ఎ పోయింది, ఇక భయం లేదు.

2022 మే 11న సుప్రీంకోర్టు దాన్ని పక్కన పెట్టిన మాట నిజమే. కానీ 2024 జులై 1 నుంచి, ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత (బీఎన్‌ఎస్)లో సెక్షన్ 152 వచ్చింది. పాత సెక్షన్‌లో యావజ్జీవం లేదా మూడేళ్ల వరకు జైలు. ఇందులో యావజ్జీవం లేదా ఏడేళ్ల వరకు. ‘ప్రభుత్వం పట్ల విద్వేషం’ అన్న మాట తీసేసి, ‘విధ్వంసకర కార్యకలాపాలు’ అన్నారు. దానికి నిర్వచనం లేదు. నిర్వచనం లేని మాట పోలీసు చేతిలో ఎంతైనా సాగుతుంది.

అపోహ: ఇది ఒక్క పార్టీ చేసే పని.

వైగో మీద కేసు పెట్టినప్పుడు తమిళనాడులో డీఎంకే ప్రభుత్వం. అప్పటి అమరావతి (మహారాష్ట్ర) ఎంపీ నవనీత్ రాణా మీద పెట్టింది ఉద్ధవ్ ఠాక్రే ప్రభుత్వం. ఆప్ ఎంపీ సంజయ్ సింగ్ మీద పెట్టింది యూపీలో బీజేపీ ప్రభుత్వం. ఇక చాలు.

అపోహ: ద్రోహం మోపితే పార్టీనే రద్దు చేయొచ్చు.

మన దగ్గర అంత తేలిక కాదు. పార్టీ రిజిస్ట్రేషన్ రద్దు చేసే అధికారం ఎన్నికల సంఘానికి చాలా పరిమితమని సుప్రీంకోర్టు 2002లో చెప్పింది. కంబోడియాలో చేశారు. ప్రతిపక్ష నేత కెమ్ సోఖాను 2017 సెప్టెంబరు 3న అరెస్టు చేశారు. ముఖ్య ఆధారం 2013లో ఆస్ట్రేలియాలో ఆయన చేసిన ప్రసంగం వీడియో. ఎంపీకి రక్షణ ఉంది కదా అంటే, నేరం చేస్తుండగా పట్టుబడ్డారన్నారు. నాలుగేళ్ల కిందటి ప్రసంగానికి! 2013లో 123 సీట్లలో 55 గెలిచిన ఆయన పార్టీని నవంబరు 16న ఆ దేశ సుప్రీంకోర్టు రద్దు చేసి, 118 మంది నేతలను ఐదేళ్లు రాజకీయాల నుంచి నిషేధించింది. మరుసటి ఏడాది ఎన్నికల్లో 125కు 125 పాలక పార్టీవే. సోఖాకు శిక్ష పడింది 2023లో, 27 ఏళ్లు. అప్పటికే రావలసిన ఫలితం వచ్చేసింది.

అపోహ: రాజకీయ కక్ష అని చూపిస్తే కేసు కొట్టేస్తారు.

బెయిలు దశలో ఎక్కువ దెబ్బతినేది ఇక్కడే. పిటిషన్ నిండా కక్ష గురించే రాసి, అన్న మాటలేమిటో రాయరు. కోర్టు చూసేది 1962 నాటి కేదార్‌నాథ్ సింగ్ తీర్పు గీసిన గీత: ఆ మాటలు హింసకు ఉసిగొల్పాయా, శాంతిభద్రతలు చెడగొట్టే ఉద్దేశం ఉందా? రాణాకు 2022 మే 4న బెయిలిస్తూ ముంబై ప్రత్యేక కోర్టు, ఆ మాటలు తప్పుపట్టదగినవే అయినా 124-ఎకు చాలవంది.

అందుకని మొదటి రోజే ప్రసంగం పూర్తి వీడియో సంపాదించాలి, ఛానల్ వేసిన ముక్క కాదు. హ్యాష్ విలువ (ఫైలు మారలేదని చూపే డిజిటల్ గుర్తు)తో భారతీయ సాక్ష్య అధినియమ్ 63(4) సర్టిఫికెట్, అంటే ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి ధ్రువపత్రం, తీసుకోవాలి. మాట మాటా రాతలో పెట్టి, ఎఫ్‌ఐఆర్‌లో ఎత్తిచూపిన వాక్యాలకు ముందూ వెనకా ఏముందో గుర్తు పెట్టాలి. ఇంగ్లిష్ అనువాదం పోలీసులకు వదిలేయొద్దు. అరెస్టు కారణాలు రాతపూర్వకంగా ఇచ్చారా, వైద్య పరీక్ష జరిగిందా అన్న రెండూ రిమాండ్ మేజిస్ట్రేట్ ముందే ఎత్తి, ఉత్తర్వులో నమోదు చేయించాలి. అక్కడ రికార్డు కాని అభ్యంతరాన్ని హైకోర్టులో కొత్తగా చెబితే, తర్వాత అల్లారని ప్రాసిక్యూషన్ అంటుంది.